కంట్లోకి చూడటం మళ్ళీ నేర్చుకున్నాను: నా అనుభవం

క్లినిక్‌లో నా బల్ల సొరుగు అడుగున తొమ్మిదేళ్ళు పడి ఉన్న ఆఫ్తల్మాస్కోప్‌ని, అంటే కంటి లోపలికి చూసే చేతి పరికరాన్ని, ఒకరోజు బయటికి తీశాను. పిడి కింద మూత తిప్పితే తిరగలేదు. గుడ్డ పెట్టి గట్టిగా తిప్పితే ఊడింది, దాంతో పాటే తెల్లటి పొడి బల్ల మీద రాలింది. లోపల బ్యాటరీలు రెండూ ఉబ్బి, కారి, స్ప్రింగుని తినేశాయి. ఆ పొడి అంటుకున్న వేలు కాసేపటికి చురచురలాడింది. వెంటనే కుళాయి కింద పెట్టి కడుక్కున్నాను. కడుక్కుంటుంటే ఒళ్ళు జలదరించింది. చూసుకోకుండా ఈ చేత్తోనే ఎవరి కనురెప్పయినా ఎత్తి ఉంటే? ఆల్కలైన్ బ్యాటరీ కారితే బయటికి వచ్చేది క్షారం. కంటి విషయంలో ఆమ్లం కన్నా క్షారమే ఎక్కువ ప్రమాదం, అది పైపైన ఆగదు, లోపలికి దిగుతూ పోతుంది.

నేను కంటి డాక్టర్ని కాదు. గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్ళే దారిలో నాదొక చిన్న క్లినిక్. జ్వరాలు, షుగరు, బీపీ, నడుం నొప్పులు చూస్తాను. షుగర్ ఉన్నవాళ్ళకి "కంటి డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి" అని చీటీ మీద రాసేదాన్ని. చాలామంది వెళ్ళేవాళ్ళు కాదు. చూపు బాగానే ఉంది కదా, ఎందుకు డబ్బు దండగ అనుకునేవాళ్ళు. షుగర్ వల్ల రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) దెబ్బతినడం మొదలైన రోజుల్లో చూపు నిజంగానే బాగుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

సొరుగు తెరిపించింది మాత్రం షుగర్ కాదు, ఒకమ్మాయి తలనొప్పి. మంగళగిరి నుంచి వచ్చేది, ఇరవై ఆరేళ్ళుంటాయి. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నొప్పి బిళ్ళలు రాశాను. రెండోసారి వచ్చినప్పుడు "వంగి లేస్తే ఒక్క క్షణం కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి మేడమ్" అంది. రక్తం తక్కువేమో అనుకుని ఐరన్ బిళ్ళలు కలిపాను. నెల తర్వాత కళ్ళజోడు కోసమని వేరే చోటికి వెళ్తే అక్కడి కంటి డాక్టర్ లోపల చూసి, రెండు కళ్ళలోనూ నరం మొదలు వాచి ఉందని, మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగిందని కనిపెట్టారు. వైద్యం జరిగింది. చూపు చాలావరకు నిలిచింది కానీ ఒక కంట్లో పక్క చూపు కొంత తగ్గింది. వాళ్ళమ్మ ఆ రిపోర్టులు తెచ్చి నాకు చూపించింది. కోపంగా కాదు, "మీకు కూడా తెలియాలి కదమ్మా" అని. ఆ వాపును చూపించగల పరికరం నా చేతికి అడుగు దూరంలో, సొరుగులోనే ఉంది.

ఎందుకు తీయలేదంటే భయం. దాని వెనక హౌస్ సర్జన్ రోజుల నాటి కథ ఒకటి ఉంది.

కంటి విభాగంలో పదిహేను రోజుల డ్యూటీ అది. పొద్దున్నే బెంచీ మీద డజను మంది కూర్చునేవాళ్ళు, కనుపాప పెద్దదయ్యే చుక్కలు వరసగా వేసుకుంటూ పోవడం నా పని. ఒకావిడకి యాభై అయిదేళ్ళు దాటి ఉంటాయి, చిన్న మనిషి, దళసరి ప్లస్ అద్దాలు పెట్టుకుంది. చదవడానికే కాదు, దూరానికి కూడా అవే అద్దాలు. అది చూసి నేను ఆగాల్సింది. దూరానికి కూడా ప్లస్ పడిందంటే ఆ కన్ను సామాన్యంగా పొట్టి కన్ను, ముందు గది, అంటే నల్లగుడ్డు వెనక నీరు ఉండే చోటు, ఇరుకుగా ఉండే అవకాశం ఎక్కువ. నేను ఆగలేదు, టార్చి వేసి చూడలేదు, చుక్క వేసేశాను. పరీక్ష అయింది, ఆవిడ ఇంటికెళ్ళింది. రాత్రి పదింటికి కొడుకు చేతుల మీద తీసుకొచ్చాడు. కన్ను ఎర్రగా ఉంది, తల పగిలిపోతోందంటోంది, రెండుసార్లు వాంతి అయిందట. "లైటు చుట్టూ రంగు రంగుల చుట్లు కనపడతన్నాయి అమ్మా" అని ఏడుస్తోంది. మూసిన రెప్ప మీద వేలు పెట్టి చూస్తే కన్ను గోలీకాయలా గట్టిగా తగిలింది.

కొందరి కంట్లో నల్లగుడ్డు వెనక, ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) అంచు దగ్గర, లోపలి నీరు బయటికి పోయే సందు చాలా ఇరుకు. కనుపాప విచ్చుకుని, మళ్ళీ సగానికి తగ్గుతున్న వేళ ఐరిస్ ముడతలు పడి ఆ సందు మూసుకుపోతుంది. నీరు ఊరుతూనే ఉంటుంది, పోయే దారి ఉండదు, ఒత్తిడి గంటల్లో పైకి పోతుంది. అందుకే పొద్దున వేసిన చుక్క రాత్రికి ఇంత పని చేసింది. ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ సెలైన్‌లో మందు ఎక్కించి, బిళ్ళలు ఇచ్చి తెల్లారేసరికి ఒత్తిడి దించారు. తర్వాత లేజర్‌తో ఐరిస్‌లో చిన్న రంధ్రం వేశారు, రెండో కంటికి కూడా ముందు జాగ్రత్తగా వేశారు. చూపు దక్కింది. నిజానికి దక్కించింది ఓపీలో ఉన్న సిస్టర్. ఇంటికి పంపేటప్పుడు ఆవిడ ఒక్కొక్కరికీ చెప్పేది: "నొప్పి వచ్చినా, వాంతి వచ్చినా అర్ధరాత్రయినా సరే వెనక్కి రండి, తెల్లారాక చూద్దాంలే అనుకోకండి." ఆ మాట ఆ కొడుకు గుర్తు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత చుక్కల సీసా చూస్తేనే చేయి వెనక్కి వచ్చేది. చుక్క వేయకుండా చూస్తే ఏమీ కనిపించేది కాదు. కనిపించనప్పుడు చూడటం దేనికని మానేశాను.

మంగళగిరి అమ్మాయి విషయం తెలిశాక ఊరుకోలేకపోయాను. విజయవాడ సూర్యారావుపేటలో మాకు తెలిసిన సీనియర్ కంటి డాక్టర్ ఒకరికి ఫోన్ చేసి, నేర్పుతారా సార్ అని అడిగాను. శనివారం మధ్యాహ్నాలు రమ్మన్నారు. మూడు నెలలు వెళ్ళాను. గుంటూరు బస్టాండులో రెండింటి బస్సు ఎక్కితే వారధి దాటి కృష్ణమ్మను చూసేసరికి పొద్దుటి ఓపీ అలసట సగం పోయేది.

మొదటి రోజు సార్ తన ఆఫ్తల్మాస్కోప్ ఇచ్చి, "వెలుతురు పూర్తిగా పెంచమ్మా" అన్నారు. పెంచాను. "ఇప్పుడు నీ కంటికి ఎదురుగా పెట్టుకో, రెండు లెక్కపెట్టి తీసెయ్." పెట్టుకున్నాను. తీశాక గోడ మీద క్యాలెండర్ తేదీలు కనిపించలేదు. ఎటు చూస్తే అటు మధ్యలో ఆకుపచ్చటి మచ్చ. అది తగ్గేదాకా సార్ ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. తర్వాత అన్నారు: "పేషెంటుకి నువ్వు రెండు లెక్కపెట్టవు. కనపడలేదని ఇంకో నిమిషం వేస్తావు, ఇంకా కనపడలేదని ఇంకా పెంచుతావు."

నా హౌస్ సర్జన్ రోజుల్లో నేను చేసింది అచ్చంగా ఇదే.

తర్వాతి రెండు శనివారాలు ఆఫ్తల్మాస్కోప్ చేతికివ్వలేదు. పెన్‌టార్చి ఇచ్చి, హాల్లో కూర్చున్నవాళ్ళందరి కళ్ళ లోతు చూసి రాయమన్నారు. చూసే పద్ధతి తేలికే. టార్చిని ఎదురుగా కాకుండా కణత వైపు నుంచి, కంటికి అడ్డంగా వేయాలి. ముందు గది లోతుగా ఉంటే వెలుతురు ఐరిస్ మీద ఇటు నుంచి ముక్కు వైపు దాకా పరుచుకుంటుంది. ఇరుకైతే ఐరిస్ ముందుకు ఉబ్బి ఉంటుంది కాబట్టి ముక్కు వైపు సగం చీకటిగా ఉండిపోతుంది, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు చేలో గట్టుకి అవతల నీడ నిలిచినట్టు. రెండు శనివారాల్లో అరవై మంది దాకా చూశాను. నీడ ఉందని నేను రాసిన ముగ్గురిని సార్ స్లిట్‌ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూపే బల్ల పరికరం) దగ్గర కూర్చోబెట్టి చూశారు. ఇద్దరి విషయంలో నిజమే, మూడో ఆవిడకి నేను టార్చి మరీ వెనక నుంచి వేశాను.

హౌస్ సర్జన్ నాటి సంగతి అప్పటిదాకా ఆయనకి చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. సార్ సముదాయించలేదు. అలా జరగడం అరుదని, కానీ అరుదు అనే మాట ఆవిడకి ఉపయోగపడదని అన్నారు. ఆ వెంటనే, చుక్క వేయడం మానేసి నువ్వు చూడకుండా పోయిన రెటీనాలు ఎన్ని ఉంటాయో లెక్కేసుకో అన్నారు. ఆ మాటే నన్ను ఎక్కువ కుదిపింది. నా భయం ఒక్కరిని కాపాడిందేమో గానీ, తొమ్మిదేళ్ళలో ఎంతమందికి చేటు చేసిందో.

చుక్కల విషయంలో ఇప్పుడు నేను పాటించేదంతా అక్కడ నేర్చుకున్నదే. ముందు అడుగుతాను: నీటికాసులు (గ్లకోమా) ఉన్నాయని ఎవరైనా చెప్పారా, గుండె జబ్బు ఉందా, ఏ మందయినా పడదా, ఈ మధ్య తలకి దెబ్బ తగిలిందా. తలకి దెబ్బ తగిలినవాళ్ళకి వేయకూడదు, కనుపాపల సైజు చూసే కదా మెదడు పరిస్థితి అంచనా వేసేది. తర్వాత టార్చితో నీడ చూస్తాను. మన మందుల షాపుల్లో మామూలుగా దొరికేది ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన సీసా. ఫినైలెఫ్రిన్ బీపీని పెంచగలదు. బీపీ ఎక్కువున్నవాళ్ళకి, గుండె జబ్బువాళ్ళకి నేను ఉత్త ట్రోపికమైడే వేస్తాను. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూల మీద వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచమంటాను, మందు గొంతులోకి జారి రక్తంలో కలవడం తగ్గుతుంది. ఏ కంట్లో, ఎన్నింటికి వేశానో చీటీ మీద రాస్తాను, సాయంత్రం ఆ మనిషి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఆ డాక్టర్‌కి తెలియాలి.

ఇంకో జాగ్రత్త నాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు, క్లినిక్‌లోనే తెలిసింది. షుగర్ పేషెంట్లు పొద్దున పరగడుపు పరీక్షకని ఏమీ తినకుండా వస్తారు. కొందరు మాత్ర మాత్రం వేసుకుని వస్తారు. చుక్క పని చేయడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. అలా కూర్చోబెట్టిన ఒక పెద్దాయనకి చెమటలు పట్టి చేతులు వణికాయి, గ్లూకోమీటర్లో చూస్తే 58. పంచదార నీళ్ళు తాగించాక తేరుకున్నాడు. అప్పటినుంచి, టిఫిన్ తిన్నారా అని అడగకుండా ఎవరికీ చుక్క వేయను. బల్ల మీద బిస్కెట్ ప్యాకెట్ ఎప్పుడూ ఉంటుంది.

నాలుగో శనివారం ఆఫ్తల్మాస్కోప్ చేతికొచ్చింది, కానీ మనిషి మీద కాదు. సార్ ఒక ఖాళీ పౌడర్ డబ్బా ఇచ్చారు. మూతకి పెన్సిల్ పట్టేంత రంధ్రం, అడుగున శుభలేఖలోంచి కత్తిరించిన ముక్క. ఆ రంధ్రంలోంచి చూసి లోపల రాసింది చదవాలి. నా కళ్ళజోడు తీసేసి, లెన్సుల చక్రం తిప్పుతూ పోతే ముందు తెల్లటి మసక, తర్వాత బంగారు రంగు, తర్వాత ఉన్నట్టుండి "ఆహ్వాన" అనే అక్షరాలు. ఆ డబ్బా ఇంటికి తెచ్చుకుని వారమంతా రాత్రిపూట సాధన చేశాను. కుడి చేతిలో పట్టుకుని కుడి కంటితో, ఎడమ చేతిలో పట్టుకుని ఎడమ కంటితో. పేషెంట్ కుడి కన్ను మన కుడి కంటితోనే, ఎడమ కన్ను ఎడమ కంటితోనే చూడాలి. అలా చూస్తే ముక్కూ ముక్కూ తగలదు, ఒకరి ఊపిరి ఒకరి నోటికి రాదు. ఎడమ కన్ను నాకు లొంగడానికి నెల పట్టింది.

ఇంత చిన్న పరికరం వెనక ఆలోచన ఎంత అందమైనదో సార్ చెబుతుంటేనే తెలిసింది. 1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త దీన్ని లోకానికి పరిచయం చేసేదాకా బతికున్న మనిషి రెటీనాని తేటగా చూసే దారి డాక్టర్లకి లేదు. కనుపాప నల్లగా కనిపించేది లోపల చీకటి కాబట్టి కాదు. లోపలికి వెళ్ళిన వెలుతురు ఏ దారిన వెళ్ళిందో ఆ దారినే తిరిగొస్తుంది. దాన్ని పట్టుకుందామని మన కన్ను అక్కడ పెడితే మన తలే దీపానికి అడ్డం. ఆయన గాజు పలకల్ని ఏటవాలుగా పెట్టి, దీపం దారినీ చూసేవాడి చూపునీ ఒకటి చేశాడు. ఇవాళ నా చేతిలో ఉన్న ఎల్‌ఈడీ పరికరం లోపల జరిగేది కూడా అదే.

మొదటి అసలు కన్ను మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒక తాతది. ఆ శనివారం నాతో పాటే బస్సులో విజయవాడ తీసుకెళ్ళాను, షుగర్ పన్నెండేళ్ళ నుంచి ఉంది. గది సగం చీకటి చేశాం. సార్ నా వెనక నిలబడ్డారు. మెడలో గొలుసు చీర లోపలికి దోపుకోమన్నారు, స్టెతస్కోప్ తీసి పక్కన పెట్టమన్నారు. వంగినప్పుడు ఊగి పేషెంట్ ముఖానికి తగిలేవి ఇవే. "తాతా, నా ముఖం మీ ముఖానికి బాగా దగ్గరగా వస్తుంది, భయపడొద్దు. రెప్ప వేయాలనిపిస్తే వేయండి, ఊపిరి బిగబట్టొద్దు. నా భుజం మీదుగా ఆ గోడ మీది గడియారమే చూస్తూ ఉండండి" అన్నాను. దూరంగా చూస్తుంటేనే కనుపాప ముడుచుకోదు, కన్ను కదలదు.

రెండో చేయి ఆయన నుదుటి మీద పెట్టి బొటనవేలితో పై రెప్పని తేలిగ్గా ఆపాను. ఆ బొటనవేలే అడ్డుగోడ. ఆయన తల ముందుకు వచ్చినా, నేను తూలినా, పరికరం ముందు నా వేలికి తగులుతుంది గానీ కంటికి తగలదు. ఒక మూర దూరం నుంచి, కొంచెం చెవి వైపుగా నిలబడి వెలుతురు వేశాను. కనుపాపలో ఎర్రటి కాంతి, పొయ్యిలో నిప్పు కణికలా. ఆ ఎరుపుని వదలకుండా దగ్గరికి వెళ్ళాను. అలవాటు కొద్దీ వెలుతురు బాగా పెంచే ఉంచాను. తాత "అబ్బా" అని కన్ను మూశాడు, నీళ్ళు కారాయి. తెరిస్తే నాకు నల్లగుడ్డు మీద తెల్లటి మెరుపే కనిపిస్తోంది, దాని వెనక ఏమీ లేదు.

సార్ చేయి చాపి వెలుతురు తగ్గించారు. ఇంకా తగ్గించారు. ఇంత మసకలో ఏం కనిపిస్తుంది అనుకున్నాను. వెలుతురు వృత్తాన్ని కూడా చిన్నదానికి మార్చారు.

తాత రెప్పలు వదులయ్యాయి. నుదుటి మీద నా అరచేతి కింద బిగుసుకున్న కండ సడలడం నాకు తెలిసింది. తెల్లటి మెరుపు పోయింది. నారింజ రంగు నేల మీద సన్నటి ఎర్రటి తీగ ఒకటి తేలింది. ఆ తీగ రెండుగా చీలిన చోట ఆ కొన ఎటు చూపిస్తే అటు వెళ్ళాను, కొమ్మ నుంచి మొదలుకి వెళ్ళినట్టు. లేత పసుపు రంగు చందమామ నెమ్మదిగా కంటి ముందుకి వచ్చింది. అంచు తేటగా ఉంది, మధ్యలో చిన్న తెల్లటి గుంట. కంటి నరం మొదలు అది. పదిహేనేళ్ళ డాక్టరుగిరీలో నేను తేటగా చూసిన మొదటి డిస్క్ అదే. గొంతు పూడుకుపోయింది. మంగళగిరి అమ్మాయి గుర్తొచ్చింది.

వెలుతురు ఎక్కువైతే ప్రమాదమని, అందుకని తగ్గించాలని అప్పటిదాకా అనుకున్నాను, తగ్గిస్తే నాకేమీ కనిపించదేమో అని లోపల్లోపల గుంజాటన. అది తప్పు. ఎక్కువ వెలుతురు కనుపాప ముడుచుకునేలా చేస్తుంది, రెప్పని మూయిస్తుంది, నీళ్ళు తెప్పిస్తుంది, నల్లగుడ్డు మీద మెరిసి మన కంటినే కప్పేస్తుంది. పేషెంట్‌కి ఏది క్షేమమో, నాకు కనిపించడానికి కావలసిందీ అదే.

ప్రమాదం ఉండటం మాత్రం నిజం. బలమైన వెలుతురు ఎక్కువసేపు పడితే రెటీనా రసాయనికంగా దెబ్బతినగలదు, అందులోనూ నీలి కాంతి పాలు ఎంత ఎక్కువైతే అంత. పసిపిల్లలకి, శుక్లం తీసి లెన్సు వేయనివాళ్ళకి, అప్పటికే రెటీనా జబ్బు ఉన్నవాళ్ళకి ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒక్కసారి పడింది మాత్రమే లెక్క కాదు, ఆ రోజంతా పడినది కూడుతుంది. అందుకే పొద్దున ఇంకెక్కడైనా కంటి పరీక్ష, ఫొటోలు అయ్యాయా అని అడుగుతాను. అయి ఉంటే, అవసరం తొందరది కానప్పుడు ఇంకో రోజు రమ్మంటాను. మాక్యులాని (సూటి చూపునిచ్చే రెటీనా నడిమి భాగాన్ని) చిట్టచివర చూస్తాను. "ఇప్పుడు లైటు వైపు చూడండి" అని, మనసులో అయిదు లెక్కపెట్టి పక్కకి తప్పుకుంటాను. మొత్తం మీద ఒక కంటికి పదిహేను లెక్కపెట్టేలోగా దొరక్కపోతే వెలుతురు తీసేసి, పేషెంట్‌నీ నన్నూ ఊపిరి తీసుకోనిచ్చి మళ్ళీ మొదలుపెడతాను. వెంటపడి వెతకను.

తాత కంట్లో ఆకుపచ్చ ఫిల్టర్ వేస్తే చిన్న చిన్న నల్లటి చుక్కలు బయటపడ్డాయి. ఎర్రటివన్నీ ఆ వెలుతురులో నల్లగా కనిపిస్తాయి, కాబట్టి నెత్తురు మరకలు దాక్కోలేవు. నాలుగు వైపులా కలిపి ఏడెనిమిది లెక్కపెట్టాను. సార్ తన పెద్ద పరికరంతో చూసి ఇంకా ఎక్కువ చెప్పారు. ఇది కూడా గుర్తుంచుకోవాల్సిన సంగతే. మన చేతి పరికరంలో ఒకసారికి కనిపించేది చాలా చిన్న ముక్క, తలుపు తాళం కన్నంలోంచి గదంతా చూసినట్టు. నేను బాగుందన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. షుగర్ ఉన్నవాళ్ళని ఏడాదికోసారి పూర్తి రెటీనా పరీక్షకి పంపడం నేను మానలేదు. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికో, విజయవాడ వైపు వాళ్ళయితే తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ వాళ్ళ దగ్గరికో రాసిస్తాను. తేడా ఏంటంటే, ఇప్పుడు నేను చూసింది చెప్పి పంపుతాను, అందుకని వెళ్తున్నారు.

శుభ్రం సంగతి 2023 వానాకాలంలో కళ్ళకలక ఊరంతా పాకినప్పుడు బాగా అర్థమైంది. రోజూ ఎర్రటి కళ్ళతో పిల్లలూ పెద్దలూ. ఆ వైరస్ పొడి వస్తువుల మీద రోజుల తరబడి బతికి ఉండగలదు. ఆఫ్తల్మాస్కోప్‌లో నుదుటికి ఆనే రబ్బరు భాగం, పేషెంట్ చెంపకి దగ్గరయ్యే అంచు, పట్టుకునే పిడి అన్నీ దానికి ఇళ్ళే. ఆ రోజుల్లో మామూలు కళ్ళకలక పేషెంట్లని ముట్టుకోకుండా, చేయి దూరం నుంచి టార్చితో చూసి పంపేశాను. చూపు తగ్గిందన్నా, విపరీతమైన నొప్పి అన్నా నేరుగా కంటి ఆసుపత్రికే. మామూలు రోజుల్లో కూడా ఒక్కొక్కరి తర్వాత చేతులు సబ్బుతో కడిగి, 70 శాతం ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పరికరం బయటి భాగాలు తుడుస్తాను. లోపలికి నీరు దిగిపోతుంది కాబట్టి స్ప్రే చేయను. లెన్సుకి విడిగా మెత్తటి పొడి గుడ్డ. ఒకసారి తొందరలో తడి ఆరకుండానే తర్వాతి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "మండతందమ్మా" అని వెనక్కి జరిగింది. ఆల్కహాల్ ఆవిరి అంత దగ్గరగా వస్తే కంటికి మంటే కదా. ఇప్పుడు తుడిచాక బల్ల మీద పెట్టి, ఆ పేషెంట్ వివరాలు రాయడం పూర్తయ్యేదాకా ముట్టుకోను. ఆ కాస్త సమయంలో తడి ఆరిపోతుంది.

మిర్చి సీజన్లో ఇంకో రకం పేషెంట్లు వస్తారు. బస్తా దులిపినప్పుడు కారం కళ్ళలో పడి, చేతులతో నలిపేసుకుని. వాళ్ళకి ముందు పరికరం కాదు, నీళ్ళు. సెలైన్‌తో ధారగా కడిగి, మంట తగ్గాక చూస్తాను. నలుపుడుకి నల్లగుడ్డు మీద గీత పడిందేమోనని ఫ్లోరెసిన్ అనే రంగు పూసిన కాగితపు స్ట్రిప్ తడిపి తాకించి నీలం ఫిల్టర్ వేస్తే, గీత ఉన్న చోట ఆకుపచ్చగా వెలుగుతుంది. ఫ్లోరెసిన్ సీసాలో ద్రవంగా నిలవ ఉంటే అందులో సూడోమోనాస్ లాంటి సూక్ష్మజీవులు పెరగగలవు, గీత పడిన కంట్లో అది పడితే కన్నే పోవచ్చు. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో కొత్త స్ట్రిప్. ఇనుప ముక్క ఎగిరి తగిలిందనో, కన్ను చిట్లిందనో అనుమానం ఉంటే నేను అసలు ముట్టుకోను, రెప్ప కూడా నొక్కను, గట్టి కప్పు లాంటిది కంటికి తగలకుండా పైన బోర్లించి కట్టి పంపేస్తాను.

చంటిపిల్లల కళ్ళు తల్లి ఒళ్ళోనే చూస్తాను, మూర దూరం నుంచి, అతి తక్కువ వెలుతురులో, రెండు కళ్ళూ ఒకేసారి. రెండు కనుపాపల్లోనూ ఒకే ఎరుపు రావాలి. ఒకటి మసకగా ఉన్నా, తెల్లగా మెరిసినా ఆ రోజే కంటి ఆసుపత్రికి పంపాలి. తెలుపు వెనక శుక్లం ఉండొచ్చు, రెటీనాలో క్యాన్సర్ గడ్డ ఉండొచ్చు. త్వరగా పట్టుకుంటే బిడ్డ ప్రాణం, చాలాసార్లు చూపు కూడా నిలుస్తాయి. టీకాకి తెచ్చిన ఒక అయిదు నెలల బాబుకి ఒక కన్ను మసకగా కనిపించింది. పుట్టు శుక్లం. ఆపరేషన్ అయింది. వాళ్ళ నాయనమ్మ "చుక్కలూ సూదులూ లేకుండా ఎట్టా కనిపెట్టావమ్మా" అని నా పరికరాన్ని తిప్పి తిప్పి చూసింది.

ఈ మధ్య ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు, నలభై ఎనిమిదేళ్ళు, షుగర్ ఏడేళ్ళ నుంచి. చుక్క వేస్తే నాలుగైదు గంటలు దగ్గరి చూపు మసకేస్తుందని, ఎండ చూడలేవని, బండి నడపకూడదని చెప్పాను. "బండి ఇక్కడ వదిలేసి ఇంటికెట్టా పోను మేడమ్, ఇవాళ్టి కిరాయి కట్టాలి" అన్నాడు. బలవంతం చేయలేదు. వేసి పంపాక అతను బండి ఎక్కడని నమ్మకం లేనప్పుడు వేయకపోవడమే మంచిది. చుక్క లేకుండానే గది చీకటి చేసి, చిన్న వెలుతురు వృత్తంతో, తక్కువ కాంతిలో చూశాను. మాక్యులాకి కాస్త పక్కన వెన్న రంగు మచ్చలు మూడు ఉన్నాయి. కాగితం మీద గుండ్రం గీసి, ఆ మూడు చుక్కలు ఎక్కడున్నాయో పెట్టి అతనికి చూపించాను. "ఇక్కడి దాకా వస్తే రోడ్డు మీద ఎదురుగా వచ్చే మనిషి ముఖం కనపడదు" అన్నాను. కాగితం అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

రెండు రోజుల తర్వాత పెదకాకాని వెళ్ళాడు. అక్కడ ఫొటోలు తీసి, కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పోయిన నెల షుగర్ పరీక్షకి మా దగ్గరికి వచ్చినప్పుడు ముందే చెప్పాడు, "ఇవాళ చుక్క వెయ్యండి మేడమ్, మావాడిని తోడు తెచ్చుకున్నా" అని. కిటికీలోంచి చూస్తే బయట వేపచెట్టు కింద ఆటోలో డ్రైవర్ సీట్లో కొడుకు కూర్చుని ఉన్నాడు. టార్చి తీసుకుని, నీడ చూసి, చుక్క వేసి, టైము రాశాను: 10.20, రెండు కళ్ళు.